తివాచీ మీద చీమలు

ఆ ఇంటి కోడలు ఫోన్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. "కుక్క లేదు, పిల్లి లేదు. అయినా ఇల్లంతా కంపు. రేపు మా ఆడపడుచువాళ్లు వస్తున్నారు. ఎలాగైనా ఈ రోజే రండి."

మరకలక్క ఆ రోజు ఒప్పుకున్న సోఫా పనిని మర్నాటికి జరుపుకుని, పదకొండు కాకముందే వ్యాను తీసింది.

మరకలక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు వెళ్లి తివాచీలు శుభ్రం చేస్తోంది కాబట్టి, పదిమంది నోళ్లలో నలిగి అదే పేరైపోయింది. భర్త ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి తిరిగేవారు. ఆయన పోయాక వ్యాను నడపడం నేర్చుకుని, నాలుగేళ్లుగా ఒక్కతే నెట్టుకొస్తోంది. పని భర్త దగ్గర నేర్చుకుంది గాని, ముక్కు మాత్రం పుట్టుకతో వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఆ ఇంట్లో ఏ మూల ఏది ఒలికిందో చెప్పేయగలదు.

చెప్పేయగలదు గాని చెప్పదు. కిందటేడు ఒక అపార్ట్‌మెంట్‌లో నోరు జారింది. "ఈ మచ్చ సిగరెట్ నిప్పుదండీ, పోదు" అని ఇల్లాలితో మాటవరసకి అంది. ఇంటాయన సిగరెట్ మానేసి రెండేళ్లయిందని ఆ ఇల్లాలి నమ్మకం. సాయంత్రానికల్లా ఆ ఇంట్లో అగ్గి రాజుకుంది. ఆయన ఆ భవనంలో ముప్ఫై ఇళ్లకూ తిరిగి, "ఆవిడ తివాచీలు ఉతకదు, కాపురాలు ఉతుకుతుంది" అని చెప్పి వచ్చాడు. ఆ తరువాత అక్కణ్నుంచి ఒక్క ఫోనూ రాలేదు. అప్పటినుంచి దేని మరక అని అడగడమే గాని, ఎవరి మరక అన్న ఊసెత్తడం మానేసింది.

ఇల్లు రెండో అంతస్తులో ఉంది. తలుపు తీయగానే నిమ్మ సెంటు ముఖాన కొట్టింది. దాని అడుగున అసలు వాసన నక్కి ఉంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. పొడుగాటి హాలుకు ఒక చివర ఆ ఇంటి చిన్నపిల్ల పడుకునే గది, మరో చివర బాత్రూము, దాని పక్కనే కోడలి గది. మధ్యలో నేలంతా ఆక్రమించుకుని పాత ఉన్ని తివాచీ ఉంది. ముదురు ఎరుపు రంగు, చుట్టూ మీగడ రంగు అంచు.

"మా మామగారు ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నది," అంది కోడలు. ముప్ఫై దాటని మనిషి. కళ్ల కింద నల్లటి చారలున్నాయి. "అత్తయ్యకి ఇదంటే ప్రాణం."

"ప్రాణం లేదు, పాడూ లేదు," అంది కిటికీ పక్క కుర్చీలోంచి పెద్దావిడ. "ఉన్నదాన్ని తగలబెట్టకుండా ఉంటే అదే పదివేలు."

మరకలక్క ఆ మాట విననట్టే సామాన్లు దించింది. వ్యాక్యూమ్ మెషిన్, రెండు బకెట్లు, గుడ్డలు, వెనిగర్ డబ్బా, మందు సీసా. "మరక దేనిదమ్మా?"

కోడలు గొంతు తగ్గించింది. "మా పాపది. ఏడేళ్లు దానికి. పక్క తడపడం ఎప్పుడో మానేసింది. మూడు వారాలుగా మళ్లీ మొదలెట్టింది. పక్కలో అయితే సరే అనుకోవచ్చు. ఇక్కడికొచ్చి, నా గది ముందు పోస్తోంది. నామీద కసి దానికి."

"తల్లి లేని పిల్లకి కసేమిటి," అంది పెద్దావిడ కిటికీ వైపే చూస్తూ. "కసి ఎవరికో చూస్తూనే ఉన్నాం."

"అత్తయ్యా, బయటివాళ్ల ముందు వద్దు."

ఆ ఎత్తిపొడుపుల్లోంచే సంగతి ఒక్కొక్కటిగా మరకలక్కకు అర్థమైంది. ఆ పిల్లను కన్నతల్లి రెండేళ్ల కిందట పోయింది. ఈ అమ్మాయి ఎనిమిది నెలల కిందట ఈ ఇంట్లో కాలు పెట్టింది. పిల్ల తండ్రి ఎక్కడో వంతెన పని మీద ఉంటాడు, వారానికోసారి వస్తాడు. మిగతా ఆరు రోజులూ ఈ ఇద్దరాడవాళ్లూ ఒకే కప్పు కింద ఉప్పూ నిప్పూలా కాలక్షేపం చేస్తున్నారు.

మోకాళ్ల మీద కూర్చుని తివాచీకి ముక్కు ఆనించింది. పిల్లలున్న ఇళ్లలో ఈ పని ఆమెకు కొత్త కాదు. ఎండిన పిల్లల మూత్రం ఎలా ఉంటుందో తెలుసు. పాతబడేకొద్దీ కళ్లు మండించే ఘాటు వస్తుంది. ఇక్కడ ఆ ఘాటు ఉంది గాని పలచగా ఉంది. దాని వెనక ఇంకేదో ఉంది, పాకం అడుగంటినట్టు. చేతి తొడుగు ఉన్ని మీద పెట్టి తీస్తే పోగులు వేలికి అతుక్కున్నాయి.

అంచు దగ్గర ఎర్ర చీమలు బారు కట్టి ఉన్నాయి.

"ఇక్కడ పళ్లరసం లాంటిదేమైనా ఒలికిందా అమ్మా?"

"తీపి గుమ్మం దాటి రాదండీ మా ఇంట్లోకి," అంది కోడలు. "అత్తయ్యకి షుగరు. టీ కూడా చప్పగానే."

మరకలక్క కర్టెన్లు వేయమంది. సంచీలోంచి నీలం లైటు టార్చి తీసింది. చీకట్లో ఆ వెలుగు పడితే ఎండిన మూత్రం మరకలు పచ్చగా తేలతాయి. ఎక్కడెక్కడ కడగాలో తెలుస్తుంది, అనవసరంగా తివాచీ అంతా తడపక్కర్లేదు.

టార్చి పిల్ల గది గుమ్మం దగ్గర మొదలుపెట్టింది. అక్కడొక చిన్న మరక తేలింది. రెండడుగుల అవతల ఇంకొకటి. మళ్లీ రెండు మూడు చుక్కలు, ఆ తరువాత అరచేతంత ఒకటి. టార్చి వెంట కోడలి కళ్లూ నడిచాయి. మరకలన్నీ ఒకే బాటలో ఉన్నాయి. ఎటూ తప్పుకోకుండా తిన్నగా వెళ్లి బాత్రూము తలుపుకి బారెడు దూరంలో, పళ్లెమంత మరకతో ఆగిపోయాయి. కోడలి గది ముందు కూడా అదే చోటు.

కోడలు వెనక్కి తిరిగి పిల్ల గది గుమ్మం వైపు చూసింది.

మరకలక్క మనసులో మాట నోటిదాకా వచ్చింది. ఈ పిల్ల మీ గది ముందు పోయడానికి రాలేదమ్మా, బాత్రూముకి పరిగెత్తి అందుకోలేకపోయింది. కానీ అది మరక గురించిన మాట కాదు, మనిషి గురించిన మాట. మింగేసింది. కర్టెన్లు తీసేసి పనిలో పడింది.

ముందు మెషిన్‌తో దుమ్ము లాగింది. తెల్లగుడ్డ తడిపి ఎరుపు మీద ఒత్తి చూసింది. రంగు అంటలేదు. మందు నీళ్లతో ఒత్తి, కాసేపాగి చూస్తే గుడ్డకి లేత గులాబీ అంటింది. "ఈ మందు ఇరవై నిమిషాలకి మించి ఉంచకూడదమ్మా," అంది. "ఎక్కువసేపు నానితే ఎరుపు కిందికి దిగి అంచుని పట్టుకుంటుంది. నేను దగ్గరుండి కడిగేస్తాను, మీరేం భయపడకండి."

పిల్ల అప్పుడు వచ్చింది గుమ్మంలోకి. ఇంట్లో దాన్ని పిచ్చుక అని పిలుస్తారట. నిజంగానే పిడికెడు పిల్ల. గౌను భుజాల మీంచి జారిపోతోంది, దాని కొలతకి కుట్టింది కాదేమో అన్నట్టు. పెదాలు పొట్టు లేచి ఉన్నాయి. గోడ పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, నీళ్లు."

"నాలుగింటికి," అంది కోడలు.

"కొంచెమే పిన్నీ."

"ఇందాక ఇచ్చానుగా అరగ్లాసు. మళ్లీ నాలుగింటికి. వెళ్లి పడుకో." ఆ తరువాత మరకలక్క చూస్తోందని గమనించి సర్దుకుంది. "ఇస్తే తాగుతూనే ఉంటుందండీ, చెంబులకి చెంబులు. తాగినదంతా ఇక్కడికే వస్తుంది. అందుకే లెక్కగా ఇస్తున్నాం. రెండ్రోజులుగా కడుపునొప్పని బడి కూడా ఎగ్గొట్టింది."

గోడ గడియారంలో పన్నెండున్నర. పిల్ల ఏడవలేదు, మారాం చేయలేదు. వెనక్కి తిరిగి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నట్టు వెళ్లిపోయింది. ఏడేళ్ల పిల్లలు అలా నడవరు.

మరకలక్క మందు చల్లింది. ఆరబెట్టే ఫ్యాను వ్యానులో ఉండిపోయింది, తేవడానికి కిందికి దిగింది. మెట్లు దిగుతూ, ఎక్కుతూ కూడా చీమలే కళ్లముందు కదిలాయి. ఆమె మేనమామకి షుగరు ఉండేది. ఆ రోజుల్లో పరీక్షలవీ ఎవరికి తెలుసు. పెరట్లో ఆయన వెళ్లిన చోట చీమలు మూగుతున్నాయని అత్త కనిపెట్టి, ఆయన్ని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లింది. కానీ మేనమామకి అప్పటికి యాభై. ఏడేళ్ల పిల్లకి షుగరేమిటి, నాదంతా చాదస్తం అనుకుంది.

ఫ్యాను మోసుకుని హాల్లోకి వచ్చేసరికి పిచ్చుక బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. రెండు చేతులూ దోసిలి పట్టి, నీళ్లు ముంచుకుని తాగుతోంది. గౌను ముందుభాగమంతా తడిసిపోయింది. ఆగకుండా, ఊపిరి కూడా సరిగా తీసుకోకుండా తాగుతోంది.

ఫ్యాను చేతిలోంచి జారింది. రెండంగల్లో వెళ్లి పిల్ల చేతులు పట్టుకుంది. అదృష్టం, అది మందు కలిపిన బకెట్ కాదు, ఒట్టి నీళ్ల బకెట్. పక్కనే, జానెడు దూరంలో, మందు బకెట్ ఉంది. రెండూ ఒకే రంగు.

"ఇవి తాగే నీళ్లు కాదమ్మా," అంది.

"పిన్నికి చెప్పకు," అంది పిచ్చుక.

ఆ మాటతోపాటు పిల్ల ఊపిరి మరకలక్క ముఖానికి తగిలింది. మాగి మెత్తబడిన పండు వాసన. అందులో కొంచెం గోళ్ల రంగు తుడిచే మందు వాసన. తన సీసాల్లోదేమోనని ఒక్కొక్కటీ మూత చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. మళ్లీ వంగి పిల్ల నోటి దగ్గర వాసన చూసింది. అక్కణ్నుంచే.

ఆ నిమిషం ఆమె చాలా దూరం ఆలోచించింది. నోరు మూసుకుని తివాచీ కడిగి వెళ్లిపోవచ్చు. వీళ్లింట్లో షుగరంటే ఏమిటో తెలిసిన పెద్దావిడ ఉంది, చదువుకున్న కోడలుంది, ఫోను చేస్తే పలికే తండ్రున్నాడు. వాళ్లకి తోచంది నాకెందుకు. అలా అనుకుంటూనే గుడ్డ చేతిలోకి తీసుకుంది. పిల్ల గోడకి చేరబడి కళ్లు మూసింది. దాని ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. పడుకున్న పిల్ల ఊపిరిలా లేదు అది. మెట్లెక్కి వచ్చిన తన ఊపిరి కూడా అంత లోతుగా లేదు.

గుడ్డ కింద పడేసింది.

"అమ్మా, ఇలా రండి ఒకసారి."

కోడలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తడిసిన గౌను చూసింది, బకెట్ చూసింది. ముఖం కందిపోయింది. "ఏం చేశావే?"

"పిల్లనేమీ అనకండి. నేనొకటి చెప్తాను, కోపగించుకోకండి. ఈ మరకల్లో తీపి ఉంది. చీమలు ఉత్తినే పట్టలేదు. నీళ్లు ఇన్నిన్ని తాగుతోంది, ఒళ్లు తీసిపోయింది. నోటినుంచి పండు వాసన వస్తోంది. నాకు డాక్టరు చదువు లేదు. కానీ ఇది కసి కాదమ్మా. పిల్లకి షుగరేమో చూపించండి."

"షుగరా?" పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. "ఏమ్మా, నువ్వొచ్చిన పనేమిటి, మాట్లాడే మాటలేమిటి? పసిపిల్లకి ఆ రోగం అంటగడతావా? నాకొచ్చింది చాలదా ఈ ఇంట్లో?"

"నేను అంటగట్టడం లేదు పెద్దమ్మగారూ. వాసన చెప్తోంది."

"వాసన చెప్తుందట. తివాచీకి చెప్పు నీ సోది."

కోడలు ఆ మాటలో మాత్రం అత్తగారితో కలిసింది. "మీరు కడగాల్సింది కడిగి వెళ్లండి. మా ఇంటి విషయాలు మేం చూసుకుంటాం. లే పిచ్చుకా, లోపలికి నడు."

పిచ్చుక లేవలేదు. కోడలు రెక్క పట్టుకుని లేపింది. రెండడుగులు వేసిందో లేదో, పిల్ల ముందుకు వంగి, అప్పుడే మందు చల్లిన తివాచీ మీద భళ్లున కక్కుకుంది.

కోడలి చెయ్యి పైకి లేచింది. మూడు వారాల విసుగంతా ఆ చేతిలో ఉంది. అది కిందికి దిగేలోపు మరకలక్క మణికట్టు దగ్గర పట్టుకుంది. పరాయి ఇంట్లో, ఆ ఇంటి ఇల్లాలి చెయ్యి పట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

"వదలండి," అంది కోడలు.

"వదులుతాను. ముందు దాని ఊపిరి చూడండి. ఒక్కసారి చూడండి."

కోడలు చూసింది. పిల్ల నేలమీద ఒరిగిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. డొక్కలు లోపలికి పోయి పైకి లేస్తున్నాయి. "పిచ్చుకా," అంది. పలకలేదు. "పిచ్చుకా, ఇటు చూడవే." కనురెప్పలు సగం తెరుచుకుని మూతపడ్డాయి.

మరకలక్క ఆమె చెయ్యి వదిలేసింది.

"అత్తయ్యా, మీ షుగరు మిషను ఎక్కడుంది?"

"పసిదాని వేలు గుచ్చుతావా?"

"ఎక్కడుంది చెప్పండి."

కోడలు ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడడం అదే తొలిసారి కాబోలు. పెద్దావిడ గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లింది. సొరుగు లాగిన చప్పుడు, ఏవో కింద పడిన చప్పుడు. నీలం సంచీ తెచ్చి తనే విప్పింది. రోజూ చేసుకునే పని కదా, అప్పటికి చేతులు స్థిమితపడ్డాయి. "ముందు వేలు కడుగు," అంది. "దేన్ని పట్టుకుందో ఏమో. తప్పు చూపిస్తుంది." మరకలక్క ఒట్టి నీళ్ల బకెట్‌లో శుభ్రమైన గుడ్డ ముంచి వేలు తుడిచింది. పెద్దావిడ సూది నొక్కింది. పిల్ల కదలనైనా లేదు.

రక్తపు బొట్టు పట్టీకి అంటింది. ముగ్గురూ ఆ చిన్న అద్దంలోకి చూశారు. అయిదు అంకెలు లెక్కపెట్టి మిషను కూతవేసింది.

అంకె రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. హెచ్, ఐ.

"హాయ్ అంటోందేమిటే ఇది," అంది పెద్దావిడ. "పాడైనట్టుంది. నాకెప్పుడూ అంకే వస్తుంది."

కోడలు సంచీలోంచి మడత కాగితం లాగి విప్పింది. వేలు పెట్టి వరస వెంట వరస వెతికింది. ఒక చోట ఆగింది. "హాయ్ కాదు," అంది. "అంకె చూపించే హద్దు దాటిపోయిందట. ఆరువందల పైన." తరువాతి వరస చదవలేక కాగితం మరకలక్క చేతికిచ్చింది. ఆమెకి సీసాల మీద హెచ్చరికలు చదివిన అలవాటుంది. ఎర్ర అక్షరాల్లో ఉన్న మాట వెంటనే పట్టుకుంది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లమని ఉంది.

"నా వ్యాను కిందే ఉంది," అంది. "పదండి."

కోడలు పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగింది. పెద్దావిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే వచ్చింది. ముందు సీటులో కోడలూ పిల్లా. వెనక సామాన్లు పెట్టే చోట, తడి పైపుల మధ్య, డబ్బాల మీద పెద్దావిడ కూలబడింది. తలుపు మూయడానికి మరకలక్క తటపటాయిస్తే, "మూసెయ్. నాకేం కాదు" అంది.

ఆసుపత్రి పావుగంట దారి. బడులు వదిలే వేళ కాదు గాని రోడ్డు మీద గొట్టాల పని జరుగుతోంది. ఒక వరసే వదిలారు. ముందు ఇటుకల లారీ నత్తనడక నడుస్తోంది. మరకలక్క హారన్ మీంచి చెయ్యి తీయలేదు. లారీవాడు తల బయటపెట్టి తిట్టబోయి, సీటులో వేలాడిపోతున్న పిల్లని చూసి పక్కకి తీశాడు.

"మాట్లాడిస్తూ ఉండండి," అంది మరకలక్క.

"పిచ్చుకా, కళ్లు తెరువమ్మా. నీళ్లిస్తాను. ఎన్ని కావాలంటే అన్నిస్తాను." కోడలు పిల్ల చెంపలు తట్టింది. "మూడు వారాలు నీళ్లు ఆపాను దీనికి. మూడు వారాలు."

మలుపుల్లో వెనక పైపులు దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

ముందు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, అర్జంటు కేసులకి వెనక దారి అన్నాడు. మరకలక్క వ్యాను వెనక్కి తిప్పింది. అద్దం గోడకి గీసుకుపోయి ఊడిపడింది. ఆగలేదు. వెనక గుమ్మంలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు చిన్నవయసు అమ్మాయి. పిల్ల నోటి దగ్గర వంగి ఒక్కసారి వాసన చూసింది. ఆ వంగడం చూడగానే మరకలక్కకి తెలిసిపోయింది. తను పసిగట్టింది నిజమే. కాకుండా ఉంటే బాగుండునని అంతదాకా ఆమెకే తెలియకుండా ఆశ ఉండింది.

రెండు చేతులకీ సెలైన్ ఎక్కించారు. రక్తం తీశారు. డాక్టరు బయటికి వచ్చి, ఎన్నాళ్లనుంచి దాహం, ఎన్నాళ్లనుంచి బరువు తగ్గుతోంది అని అడిగి రాసుకుంది. ఆ తరువాత తలెత్తింది.

"ఒంట్లో నీళ్లు బొత్తిగా లేవు. ఇంత దాహంతో ఉన్న పిల్ల నీళ్లు తాగకుండా ఎలా ఉందండీ?"

అత్తా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరకలక్క నేల చూపు చూసింది. ఇప్పుడు ఎవరు ఎవరి మీద తోసినా ఈ ఇల్లు ఇక అతకదనిపించింది.

"నేనే ఆపాను," అంది కోడలు. "పక్క తడుపుతోందని."

డాక్టరు రాసుకోబోయింది.

"దానికేం తెలుసు," అంది పెద్దావిడ. ఒట్టి కాళ్ల మీద బురద మరకలతో, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. "నేను చెప్తే ఆపింది. మా కాలంలో పిల్లలకి అలాగే మాన్పించేవాళ్లం, లెక్కగా ఇవ్వమన్నాను. షుగరు మిషను నా సొరుగులోనే పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు రాసుకోండి."

డాక్టరు ఎవరి పేరూ రాసుకోలేదు. "పిల్లలకి షుగరు రాదని చాలామంది అనుకుంటారు," అంది. "సాయంత్రం దాకా ఆగి తీసుకొచ్చి ఉంటే నేను చేయగలిగేది తక్కువ. ఇప్పుడు కూడా రేపటిదాకా గట్టిగా చెప్పలేను. ఒక్కసారిగా షుగరు దించకూడదు, మెల్లిగా దించాలి. మీరిద్దరూ ఇక్కడే ఉండండి."

ఆమె లోపలికి వెళ్లాక కోడలు బెంచీ మీద కూర్చుంది. పెద్దావిడ కూడా కూర్చుంది, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ వదిలి. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "అబ్బాయికి ఫోను చేశావా?" అని అడిగింది. "చేస్తే ఏం చెప్పాలో తెలియడం లేదత్తయ్యా," అంది కోడలు. "ఇలా ఇవ్వు, నేను చెప్తాను," అని పెద్దావిడ ఫోను కోసం ఇటు జరిగింది.

అప్పుడు గాని మరకలక్కకి తివాచీ గుర్తురాలేదు. మందు చల్లి రెండు గంటలు దాటిపోయింది. సంగతి చెప్పి, కోడలి దగ్గర తాళం తీసుకుని వెళ్లింది.

అనుకున్నంతా అయింది. ఎరుపు కిందికి దిగి, బాత్రూము వైపున్న మీగడ అంచుని మూరెడు మేర పట్టేసింది. కక్కిందంతా తీసి, చల్లటి నీళ్లతో ఒత్తి, మెషిన్‌తో లాగి, మళ్లీ ఒత్తి, చీకటి పడేదాకా పెనుగులాడింది. వాసన పూర్తిగా పోయింది. గులాబీ రంగు మాత్రం పోలేదు. ఇరవై రెండేళ్లలో ఆమె చేతుల్లో పాడైన తివాచీ అదొక్కటే. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను పెట్టి, తాళం వేసి, ఆసుపత్రికి వెళ్లి తాళంచెవి ఇచ్చింది. పిల్ల తండ్రి అప్పటికే వచ్చి, అద్దాల తలుపు అవతల నిలబడి ఉన్నాడు. ఎవరో ఆమెను చూపించి ఏదో చెప్పారు. అతను చేతులు జోడించబోయి, ఏడ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. పిచ్చుక కళ్లు తెరిచిందనీ, ఆకలేస్తోందని అడిగిందనీ చెప్పింది కోడలు. మరకలక్క ఒకరింట్లో సోఫా మీద బ్రష్ పట్టుకుని ఉంది. "సరేనమ్మా" అని పెట్టేసి, పని మళ్లీ మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

పన్నెండో రోజు, పిల్లని ఇంటికి తెచ్చాక, ఆమె వెళ్లింది. తివాచీ సంగతి ముఖాముఖీ చెప్పాలని ఆమె పట్టుదల.

"నా పొరపాటే పెద్దమ్మగారూ. వెళ్లేముందు నీళ్లు చల్లి వెళ్లాల్సింది."

పెద్దావిడ కుర్చీలోంచి తివాచీ వైపు చూసింది. చూడనట్టు ముఖం పెట్టలేదు, ఫరవాలేదనీ అనలేదు. ఎంతో ఇష్టంగా చూసుకున్న వస్తువు, బాధ ముఖంలో కనిపిస్తూనే ఉంది. "పాడైంది," అంది. "నిజమే. ఉండనీ."

పిచ్చుక మంచం మీద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. బుగ్గల్లో ఇంకా కండ రాలేదు గాని కళ్లలోకి చూపు వచ్చింది. మంచం పక్క బల్ల మీద సూదులు, దూది, ఒక నోటుబుక్కు. రోజుకి నాలుగుసార్లు సూది వేయాలి. జీవితాంతం. ఆ మాట ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ మింగుడుపడలేదు.

"మొదటిసారి వేసేటప్పుడు పిన్ని ఏడ్చింది," అంది పిచ్చుక. "నేను ఏడవలేదు."

మరకలక్క బయల్దేరితే కోడలు వ్యాను దాకా దిగింది. ఏదో అడగాలని ఉన్నట్టుంది. అద్దం ఊడిపోయిన చోట వేలితో రాస్తూ కాసేపు నిలబడింది.

"ఆ రోజు మీరు చెప్పకుండా వెళ్లిపోయేవారా?"

అబద్ధం చెప్పడం సులువే. ఎదుటి మనిషికి అదే బాగుంటుంది కూడా. మరకలక్క ఆలోచించింది.

"గుడ్డ చేతిలోకి తీసుకున్నానమ్మా," అంది. "కడిగేసి పోదామనే అనుకున్నాను. ఒక నిమిషం పాటు."

కోడలు తలూపింది. "నేను మూడు వారాలు," అంది.

రెండో అంతస్తు కిటికీలోంచి పెద్దావిడ తల బయటపెట్టి, వేళవుతోంది, పిల్ల ఆకలంటోంది, సూది ముందా అన్నం ముందా అని కేకేసింది.

"సూది ముందత్తయ్యా, వస్తున్నా," అని కోడలు గబగబా మెట్లెక్కింది.